గోడ గూడు నుంచి చెక్కపెట్టె వరకు: పెరటి తేనెటీగల పెంపకం చరిత్ర

చరిత్ర పాఠ్యగ్రంథాల్లో ఆవు, ఎద్దు, గుర్రం, ఏనుగు కనబడతాయి. తేనెటీగ దాదాపు కనబడదు. కారణం ఊహించడం కష్టం కాదు. ఆవును కట్టివేయవచ్చు, లెక్కపెట్టవచ్చు, దానిమీద పన్ను వేయవచ్చు. తేనెటీగను కట్టివేయలేం. దానికి మేత మనం వేయం, అది ఎవరి చేలో మేసి వచ్చిందో మనకు తెలియదు. నచ్చకపోతే రేపు ఉదయానికి లేచిపోతుంది. అలాంటి ప్రాణి మనిషి పెరట్లోకి ఎప్పుడు, ఎలా వచ్చింది? వచ్చిన తరవాత మనదైందా? ఈ పాఠంలో మనం చర్చించబోయే విషయం ఇదే. పెంపకం నేర్చుకోదలచిన వారికి కూడా ఇందులో కొంత ఉపయోగం ఉంటుంది. ఎందుకంటే ఈ వృత్తిలో ఇవాళ మనం పాటించే ప్రతి చిన్న జాగ్రత్త వెనుక ఎవరిదో ఒక వైఫల్యం ఉంది.

మాటల్లో మిగిలిన జ్ఞాపకం

రాతపూర్వక ఆధారాలు తక్కువగా ఉన్నచోట చరిత్రకారుడు భాషను ఆశ్రయిస్తాడు. తెలుగులో జుంటితేనె, పుట్టతేనె, కొండతేనె అనే మాటలు ఉన్నాయి. ఈ మాటల్లో తేనె రుచి కంటే తేనె దొరికే చోటు, దాన్ని పెట్టే ఈగ ముఖ్యం. అంటే ఈ మాటలు పుట్టించింది తేనెను కొనుక్కున్నవారు కాదు, వెతుక్కున్నవారు. గొడవను కొని తెచ్చుకొన్నవాణ్ణి చూసి 'తేనెతుట్టెను కదిపినట్టు' అంటాం. ఇది కూడా దూరం నుంచి చూసిన అనుభవం కాదు. పెళ్లిలో వధూవరులకు పెట్టే కొత్తబట్టలను మధుపర్కాలు అంటున్నాం గాని, మధుపర్కం అంటే అసలు అతిథికి, వరుడికి ఇచ్చే తేనె, పెరుగు కలిపిన పానీయం. పానీయం పక్కకు తప్పుకొని, దానితోపాటు ఇచ్చే బట్టలకు ఆ పేరు మిగిలింది.

సంస్కృత వైద్య గ్రంథాల్లోనూ ఇలాంటి పరిశీలనే కనిపిస్తుంది. చరక సంహిత తేనెను మాక్షికం, భ్రామరం, క్షౌద్రం, పౌత్తికం అని నాలుగు రకాలుగా విభజించింది. సుశ్రుత సంహిత ఎనిమిది రకాలు చెప్పింది. ఈ విభజనకు ఆధారం ప్రధానంగా తేనెను కూర్చే ఈగ. ఇంకా వెనక్కి వెళితే, మధ్యప్రదేశ్‌లోని భీంబేట్కా, పచ్‌మఢీ ప్రాంతాల రాతిగుహల చిత్రాల్లో తేనె తీస్తున్న మనుషులు కనిపిస్తారు. ఇవన్నీ తేనె సేకరణకు సాక్ష్యాలు మాత్రమే, పెంపకానికి కావని విద్యార్థులు గమనించాలి. పెంపకానికి ఆధారాలు ఈజిప్టులో ముందుగా దొరుకుతాయి. అక్కడ న్యుసెర్రే అనే ఫారో కట్టించిన సూర్యాలయంలో, సుమారు క్రీ.పూ. 2400 నాటి శిల్పఫలకంపై గొట్టాల్లాంటి గూళ్ల నుంచి తేనె తీస్తున్న దృశ్యం చెక్కి ఉంది.

పెట్టెలో ఉండే ఈగ, ఉండని ఈగ

ఇక్కడ కొంచెం జీవశాస్త్రం అవసరం. అది తెలియకపోతే తరవాతి చరిత్ర అర్థం కాదు.

పెద్ద కొండతేనెటీగ, అంటే ఎపిస్ డార్సేటా, కొండచరియలకు, ఎత్తైన చెట్లకొమ్మలకు, పాత కోటబురుజులకు, నీళ్లట్యాంకులకు వేలాడేలా ఒకే ఒక పెద్ద తుట్టె పెడుతుంది. ఆరుబయట, వెలుతురులో ఉంటుంది. కాలాన్నిబట్టి వలసపోతుంది. చిన్న తేనెటీగ, ఎపిస్ ఫ్లోరియా, పొదల్లో అరచేతి పరిమాణంలో ఒకే తుట్టె కడుతుంది. ఈ రెండింటినీ పెట్టెలో పెట్టడం సాధ్యం కాదు. చెట్టుతొర్రల్లో, పుట్టల్లో, గోడసందుల్లో, చీకట్లో వరసగా అనేక తుట్టెలు కట్టే ఈగ వేరే ఉంది. అది ఎపిస్ సెరానా, మన పాత పుస్తకాల్లో ఎపిస్ ఇండికా. దాని ఐరోపా బంధువు ఎపిస్ మెల్లిఫెరా. చీకటి గది, సమాంతర తుట్టెలు అనే ఈ రెండు లక్షణాలు ఉన్న ఈగలే మనిషి ఇచ్చిన పెట్టెను తొర్రగా భావించి ఉండిపోతాయి.

కాబట్టి మన అడవుల్లో తేనె సేకరణ ఒక దారిలో, పెరటి పెంపకం మరో దారిలో నడిచాయి. నల్లమల చెంచులు తీగలతో పేనిన తాళ్లమీద కొండచరియల నుంచి దిగి కొండతేనె తీస్తారు. చెంచుల గురించి 1943లో విపులమైన గ్రంథం వెలువరించిన ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ మొదలుకొని ఎందరో మానవశాస్త్రవేత్తలు వారి జీవనంలో తేనెకు ఉన్న స్థానాన్ని నమోదు చేశారు. నీలగిరి కొండల్లోని తేనె సేకర్తల్లో పైన తాడు పట్టుకొని నిలబడేవాడు సాధారణంగా బావమరిది. చెల్లెలు విధవ కావాలని ఏ అన్నా కోరుకోడు గదా! బంధుత్వాన్ని భద్రతాసూత్రంగా వాడుకొన్న ఇంత చక్కని ఉదాహరణ మరొకటి నాకు తెలియదు. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఈ అడవితేనెను కొని పట్టణాలకు చేర్చింది. అయితే అది సేకరణ చరిత్ర. మన దారి పెరటివైపు.

కాశ్మీరు గోడలు

తేనెటీగల పెంపకం మనకు పాశ్చాత్యులు నేర్పారని చాలా పుస్తకాలు మొదలుపెడతాయి. ఈ వాక్యాన్ని యథాతథంగా ఒప్పుకోనక్కరలేదు.

ఈస్టిండియా కంపెనీ గుర్రాలశాలల అధికారిగా పనిచేసిన విలియం మూర్‌క్రాఫ్ట్ 1822-23లో కాశ్మీరులో గడిపాడు. ఆయన మరణించిన చాలాకాలానికి, 1841లో వెలువడిన యాత్రాగ్రంథంలో, కాశ్మీరు రైతుల ఇళ్ల గురించి ఒక ఆసక్తికరమైన వర్ణన ఉంది. అక్కడ ఇల్లు కట్టేటప్పుడే గోడలో ఈగలకు చోటు వదిలేవారు. గోడ మందానికి అడ్డంగా మట్టితో చేసిన గొట్టం అమర్చేవారు. దాని ఒక కొస ఇంటి బయటికి, ఈగలు వచ్చిపోయే చిన్న రంధ్రంతో ఉండేది. మరో కొస ఇంటిలోపలికి తెరుచుకొనేది. దాన్ని మట్టిపళ్లెంతో మూసి, చుట్టూ బంకమట్టి పూసేవారు. తేనె కావలసినప్పుడు ఇంటాయన లోపలి పళ్లెం తీసి, వరిగడ్డిని నిప్పుమీద పట్టి, ఆ పొగను గొట్టంలోకి ఊదేవాడు. ఈగలు బయటి రంధ్రంగుండా వెళ్లిపోయేవి. అతడు కొన్ని తుట్టెలు కోసుకొని పళ్లెం మళ్లీ బిగించేవాడు. పొగ తగ్గగానే ఈగలు తిరిగి వచ్చేవి.

దీని ప్రాముఖ్యం తెలియాలంటే అదే కాలంలో ఇంగ్లండులో ఏం జరిగేదో చూడాలి. అక్కడ గడ్డితో అల్లిన గోపురం లాంటి బుట్టల్లో ఈగలను పెంచేవారు. శరత్కాలంలో తేనె తీయాలంటే, ఒక గుంటలో గంధకం మండించి, దానిమీద బుట్టను పెట్టి, లోపలి ఈగలన్నింటినీ చంపి తేనె తీసుకోవడం చాలాచోట్ల మామూలు పద్ధతి. కాశ్మీరు పద్ధతిలో ఈగలు చావవు, ఆ గోడలో మళ్లీ వచ్చే ఏడు కూడా ఉంటాయి. ఈ తేడా మూర్‌క్రాఫ్ట్ దృష్టికి వచ్చింది. స్వదేశంలో దీన్ని అనుసరిస్తే బాగుంటుందని ఆయన భావించాడు.

ఒకే గోడకు ఇవతల పిల్లలు నిద్రపోతుంటే అవతల వేల ఈగలు కాపురం ఉండేవి. తేనెటీగలతో కలిసి బతకడం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ముందు ఈ గోడే గుర్తుకు వస్తుంది. కాని ఈ గొట్టాన్ని మొదట ఎవరు చేశారో, ఏ తరం దాన్ని సరిదిద్దిందో మనకు పేర్లు లేవు. తరవాత రాబోయే ప్రతి చెక్కపెట్టెకూ ఒక మనిషి పేరు ఉంటుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి
1. కొండతేనెటీగను పెట్టెలో పెంచలేకపోవడానికి కారణమేమిటి?
2. కాశ్మీరు గోడ గూడుకు, ఇంగ్లండు గడ్డిబుట్టకు తేనె తీసే విధానంలో ఉన్న భేదాన్ని వివరించండి.

అంగుళంలో మూడు ఎనిమిదో వంతులు

గోడ గూటికి ఒక లోపం ఉంది. లోపల ఏం జరుగుతున్నదో చూడలేం. తుట్టెలు గోడకు అంటుకొని ఉంటాయి, కోస్తేనే బయటికి వస్తాయి. రాణి ఉందో లేదో, గుడ్లు పెడుతున్నదో లేదో తెలియదు. ఈ చిక్కును విప్పడంలో మొదటి గొప్ప అడుగు వేసినవాడు చూపులేనివాడు కావడం విశేషం. జెనీవాకు చెందిన ఫ్రాంస్వా హ్యూబర్ అంధుడు. ఆయన సేవకుడు బర్నెన్స్ కళ్లతో చూసి చెప్పేవాడు, హ్యూబర్ ప్రశ్నలు వేసేవాడు. పుస్తకం పేజీల్లా తెరుచుకొనే గూటిని తయారుచేసి, ఒక్కొక్క తుట్టెనూ విడిగా పరిశీలించి, తమ ఫలితాలను 1792లో ప్రచురించారు.

అయినా ఆ పుటలు ఒకదానికొకటి అంటుకొనేవి. దీనికి పరిష్కారం 1851లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో దొరికింది. లోరెంజో లాంగ్‌స్ట్రాత్ అనే మతబోధకుడు ఒక సంగతి గమనించాడు. రెండు వస్తువుల మధ్య సందు మరీ ఇరుకుగా ఉంటే ఈగలు దాన్ని జిగురుతో పూడ్చేస్తాయి. మరీ వెడల్పుగా ఉంటే అందులో మరో తుట్టె కట్టేస్తాయి. ఈ రెండింటికీ మధ్య, సుమారు అంగుళంలో మూడు ఎనిమిదో వంతుల సందు వదిలితే మాత్రం దాన్ని నడకదారిగా ఉంచుకొంటాయి. ఈ దూరాన్ని చట్రాల చుట్టూ పాటిస్తే ప్రతి చట్రాన్నీ పైకి ఎత్తి చూసి, మళ్లీ దించవచ్చు. 1852 అక్టోబరు 5న ఆయనకు దీనిపై పేటెంటు లభించింది. పేటెంటు ఆయనకు డబ్బు కంటే వ్యాజ్యాలనే ఎక్కువ తెచ్చిపెట్టింది. పెట్టె మాత్రం ప్రపంచమంతా తిరిగింది. 1857లో జర్మనీలో మెహ్రింగ్ అచ్చువేసిన మైనపు రేకులు, 1865లో హ్రుష్కా తుట్టె పాడవకుండా గిర్రున తిప్పి తేనె తీసే యంత్రం వచ్చాయి. అప్పటివరకు తేనె తీయడమంటే తుట్టెను పిండడమే. ఇకమీదట ఖాళీ తుట్టెను ఈగలకే తిరిగి ఇవ్వడం సాధ్యమైంది.

దక్షిణాదిలో చిన్న పెట్టె

భారతదేశంలో ఈ పెట్టెను 1880ల్లో బెంగాల్, పంజాబుల్లో ప్రయత్నించారు. తంతితపాలా శాఖలో పనిచేసిన జె.సి. డగ్లస్ 1884లో భారతదేశంలో తేనెటీగల పెంపకంపై ఒక చేతిపుస్తకం కూడా రాశాడు. ప్రయత్నాలు నిలదొక్కుకోలేదు. నా అభిప్రాయంలో అందుకు ఒక ప్రధాన కారణం, ఈగను చూడకుండా పెట్టెను తీసుకురావడం. లాంగ్‌స్ట్రాత్ పెట్టె ఐరోపా ఈగకు సరిపోయే కొలతలతో ఉంది. మన ఈగ దానికంటే చిన్నది, దాని కుటుంబమూ చిన్నది. ఇద్దరు మనుషుల సంసారానికి కల్యాణమండపం ఇచ్చినట్టు ఉంటుంది.

ఈ తప్పును గుర్తించి సరిదిద్దినవాడు ఫాదర్ న్యూటన్. తిరుచిరాపల్లి ప్రాంతంలో పనిచేసిన ఈ జెస్యూట్ మతగురువు 1910 ప్రాంతంలో మన ఈగకు తగిన చిన్న పెట్టెను రూపొందించాడు. అందులో ఏడు చట్రాలు. ఒక్కో చట్రం సుమారు ఇరవై సెంటీమీటర్ల వెడల్పు, పద్నాలుగు సెంటీమీటర్ల ఎత్తు. లాంగ్‌స్ట్రాత్ చట్రంలో ఇది సగం కూడా ఉండదు. అడుగున పిల్లగది, దానిమీద తక్కువ ఎత్తుగల తేనెగది. పల్లెటూరి వడ్రంగి ఒక్కడే తయారుచేయగల పెట్టె అది. 1911 నుంచి 1917 వరకు న్యూటన్ దక్షిణాదిలో గ్రామీణులకు శిక్షణ ఇచ్చాడు. ఈనాటికీ దాన్ని న్యూటన్ పెట్టె అనే పిలుస్తారు.

తరవాతి ఘట్టాలు వేగంగా జరిగాయి. తిరువాన్కూరులో 1917లో, మైసూరులో 1925లో, మద్రాసు రాష్ట్రంలో 1931లో పెంపకం ప్రభుత్వ ప్రోత్సాహంతో మొదలైంది. 1928లో రాజకీయ వ్యవసాయ కమిషన్, అంటే రాయల్ కమిషన్, దీన్ని కుటీరపరిశ్రమగా అభివృద్ధి చేయాలని సిఫారసు చేసింది. అప్పటి తిరువాన్కూరులోని మార్తాండంలో వై.ఎం.సి.ఎ. గ్రామ పునర్నిర్మాణ కేంద్రాన్ని నడిపిన అమెరికన్ స్పెన్సర్ హ్యాచ్, భూమి లేని, కొద్దిపాటి పెరడు మాత్రమే ఉన్న కుటుంబాలకు ఈ పెట్టెను చేర్చాడు. కోడికీ మేకకూ మేత కావాలి, తేనెటీగకు మాత్రం యజమానికి సొంత పొలం అక్కరలేదు. పేదవాడి పెరట్లో పెట్టె ఉంటే చాలు, ధనికుడి తోట మేత ఇస్తుంది. మార్తాండం విషయంలో ఇది అక్షరాలా నిజమైంది. ఆ ప్రాంతంలో విస్తరించిన రబ్బరు తోటల్లో, కొత్త చిగురు వేసే కాలంలో ఆకుల కాడల దగ్గర ఊరే తీపిరసమే అక్కడి తేనెకు ప్రధాన ఆధారమైంది. ఎగుమతి కోసం పెంచిన తోట, దాని యజమాని ఊహించని విధంగా పక్కింటి గుడిసెకు ఆదాయం ఇచ్చింది. 1934లో గాంధీజీ ప్రారంభించిన అఖిల భారత గ్రామీణ పరిశ్రమల సంఘం కూడా దీన్ని తన కార్యక్రమంలో చేర్చుకొంది. స్వాతంత్ర్యానంతరం ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ ఈ బాధ్యత స్వీకరించింది. 1962లో పుణెలో కేంద్ర తేనెటీగల పరిశోధన సంస్థ ఏర్పడింది.

పెట్టె పట్టుకొని మొదలుపెట్టడం

మొదట ఈగలు ఎక్కడినుంచి వస్తాయి? చెట్టుతొర్రలోనో, పాడుబడ్డ గోడలోనో ఉన్న కుటుంబాన్ని గుర్తిస్తారు. సాయంత్రంవేళ కొద్దిగా పొగపెట్టి, తుట్టెలను ఒక్కొక్కటిగా కోసి, పిల్లలున్న తుట్టెలను చట్రాలకు అరటినారతో కడతారు. కొన్నాళ్లకు ఈగలు తుట్టెను మైనంతో చట్రానికి అతికించుకొని, నారను కొరికి బయట పారేస్తాయి. రాణి పెట్టెలోకి చేరితే మిగతావి దానివెంటే వస్తాయి. రాణి దొరకకపోతే శ్రమ అంతా వృథా. ఇప్పుడు శిక్షణ కేంద్రాల్లో ఈగలతో నిండిన పెట్టెలే దొరుకుతున్నాయి. కొత్తవారికి అదే మేలు.

పెట్టెను చెట్టునీడలో, ఉదయపు ఎండ తగిలేచోట, కాళ్లున్న పీటమీద పెట్టాలి. చీమలు ఎక్కకుండా ఆ కాళ్లకింద నీళ్లగిన్నెలు పెట్టాలి. దగ్గరలో నీళ్లు ఉండాలి, లేకపోతే పక్కింటివారి కుళాయి దగ్గర గుమికూడతాయి. తగవు అక్కడే మొదలవుతుంది. రాకపోకల ద్వారం నడిచేదారివైపు ఉండకూడదు. రాత్రిపూట దానిమీద వీధిదీపపు వెలుగు పడకూడదు. మునగ, కానుగ, నేరేడు, చింత, కొబ్బరి, నిమ్మ ఉన్న పరిసరాలు వీటికి అనుకూలం. పూలు లేని వానకాలంలో పంచదార పాకం పెట్టాలి. తేనె తీయడం తేనెగది నుంచే. పిల్లగదిలోని తేనె ఈగలది.

ఈగ కుట్టినచోట ముల్లును గోటితో గీసి వెంటనే తీసేయాలి. కుట్టిన ఈగ వదిలే వాసన మిగతావాటిని పిలుస్తుంది. పొగ పెట్టడంలో ఉద్దేశం ఈ వాసనను మరుగుపరచడం కూడా. ఊపిరి ఆడకపోవడం, ఒళ్లంతా దద్దుర్లు, కళ్లుతిరగడం కనిపిస్తే ఇంటివైద్యం చేస్తూ కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

మన ఈగకు అలుగుడు ఎక్కువ. పదవీ విరమణ తరవాత నేను పెరట్లో ఒక పెట్టె పెట్టాను. లోపల ఏం జరుగుతున్నదోనన్న కుతూహలంతో రోజూ మూత తీసి చూసేవాణ్ణి. మూడోవారంలో ఒకరోజు మధ్యాహ్నం అవి నల్లని మేఘంలా లేచి, కొబ్బరిచెట్టు పైనుంచి వెళ్లిపోయాయి. మాటిమాటికీ పెట్టె తెరవవద్దని పెంపకం పుస్తకాలన్నీ చెబుతాయి. చదివాను కూడా.

1991 తరవాత

1976లో థాయ్‌లాండ్‌లో గుర్తించిన ఒక వైరస్ వ్యాధి 1978 నాటికి ఈశాన్య భారతంలో కనబడింది. అది 1991-92లో దక్షిణాదికి చేరింది. థాయ్ శాక్‌బ్రూడ్ అనే ఈ వ్యాధిలో పురుగుదశలోని పిల్ల కోశదశకు చేరకుండా, నీటితో నిండిన తిత్తిలా మారి చనిపోతుంది. మందు లేదు. కేరళ, కర్ణాటక, తమిళనాడు, ఆంధ్రప్రదేశ్‌లలో పెట్టెల్లోని దేశవాళీ కుటుంబాల్లో అత్యధిక భాగం రెండు మూడేళ్లలో నశించాయి. మార్తాండం, కొడగు వంటి చోట్ల తరాలుగా దీనిమీద బతికినవారికి ఖాళీపెట్టెలు మిగిలాయి. కరవుకూ వరదకూ పరిహారం ఉంటుంది. ఈగలు పోయినందుకు నష్టాన్ని లెక్కకట్టే అలవాటు ఎవరికీ లేదు. ఈ పాఠం మొదట్లో చెప్పినట్టు, లెక్కకు రాని ప్రాణి అది.

ఈ ఖాళీలోకి మెల్లిఫెరా వచ్చింది. దాన్ని 1960ల తొలినాళ్లలో, అప్పటి పంజాబులోని నగ్రోటా బగ్వాన్‌లో అత్వాల్, ఆయన సహచరులు ప్రవేశపెట్టారు. మెల్లిఫెరా రాణిని దేశవాళీ ఈగల కుటుంబంలోకి జాగ్రత్తగా చేర్చి, ఆ పనిగత్తెల చేతనే పరాయి పిల్లలను పెంచించడం వారి ఉపాయం. థాయ్ వ్యాధి మెల్లిఫెరాను అంతగా బాధించలేదు. అది దేశవాళీ ఈగకు అనేక రెట్లు తేనె ఇస్తుంది, అంత సులభంగా లేచిపోదు. పొద్దుతిరుగుడు, ఆవాల చేలవెంట లారీల్లో పెట్టెలు తిప్పే వ్యాపారం దీనితో పెరిగింది. అయితే అలా తిప్పడానికి పెట్టుబడి కావాలి, పూతలేని కాలంలో మేత కొనాలి, వరోవా అనే పేనుకు మందు వేయాలి. ఆ పేను ఆసియా ఈగది. మన ఈగ దాన్ని ఒంటిమీది నుంచి దులుపుకోగలదు, మెల్లిఫెరాకు ఆ నేర్పు తక్కువ. నాలుగు పెట్టెలు పెట్టుకొనే గృహస్థుకు మెల్లిఫెరా లాభమని నేను అనుకోను. వంద పెట్టెల వ్యాపారికి అది తప్ప మార్గం లేదు. ఈ ఇద్దరినీ ఒకే పథకం కింద చూడటం ఇప్పటి విధానాల్లో నాకు కనిపించే లోపం.

అడవుల్లో, తొర్రల్లో వ్యాధిని తట్టుకొని మిగిలిన దేశవాళీ కుటుంబాలు ఉన్నాయి. 1990ల చివరినుంచి పెంపకందారులు వాటి సంతతినే మళ్లీ పెట్టెల్లోకి తెచ్చుకొన్నారు. ఆ కుటుంబాలు ఏ చెట్ల తొర్రల్లో దొరుకుతాయో చెప్పినవారు పుస్తకాలు రాసినవారు కారు.

అభ్యాసం

మీ ఊళ్లో తేనె తీసినవారు, పెట్టెలు పెట్టినవారు, లేదా ఇంటిగోడలో ఈగలు ఉంటే తరమకుండా ఉండనిచ్చినవారు ఎవరైనా ఉన్నారేమో విచారించండి. ఈగల రకాలకు వారు వాడే పేర్లు, అవి వచ్చే నెల, వెళ్లే నెల, 1991-92 ప్రాంతంలో వారు చూసిన మార్పు అడిగి తెలుసుకోండి. వారి మాటల్లోనే నాలుగు పుటలకు మించకుండా రాసి, మీ అధ్యయన కేంద్రంలో సమర్పించండి. చెప్పినవారి సమ్మతి ఉంటే వారి పేరు తప్పక రాయండి.